నాలుగు సర్వర్లకు బ్లేడ్ ఛాసిస్ అవసరమా?

ప్రశ్న: పలాసలో మాకు జీడిపప్పు వ్యాపారం ఉంది. అకౌంట్లకు, స్టాకు లెక్కలకు, సీసీ కెమెరాల రికార్డింగుకు నాలుగు పాత టవర్ సర్వర్లు వాడుతున్నాం. వాటికి బదులు 16 బ్లేడ్లు (పలుచని సర్వర్లు) పట్టే పాత ఛాసిస్‌ను, అంటే వాటిని అమర్చే పెట్టెను, నాలుగు బ్లేడ్లతో సహా చవకగా ఇస్తామని ఒక డీలరు అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దనే నా సలహా. బ్లేడ్‌లో ప్రాసెసరు, మెమరీ, సాధారణంగా ఒకటి రెండు డిస్కులు మాత్రమే ఉంటాయి. కరెంటు, చల్లగాలి, నెట్‌వర్కు అన్నీ ఛాసిస్ నుంచే అందాలి కాబట్టి, బయటికి తీసి బల్ల మీద పెడితే అది పనిచేయదు. కెమెరాల రికార్డింగుకు ఆ రెండు డిస్కులు ఏమూలకూ చాలవు, అంటే స్టోరేజీ పెట్టె ఒకటి విడిగా కొనవలసి వస్తుంది. డీలరు చెప్పిన ధరలో అది ఉందో లేదో ముందు అడగండి.

బ్లేడ్ల వల్ల కలిసివచ్చేది ప్రధానంగా చోటు. ర్యాక్ అంటే సర్వర్లను ఒకదానిపై ఒకటి అమర్చే చట్రం, దాని ఎత్తును యూనిట్లలో కొలుస్తారు. 42 యూనిట్ల ర్యాక్‌లో ఒక యూనిట్ ఎత్తుండే మామూలు సర్వర్లు 42 పడితే, హెచ్‌పీ సీ7000 వంటి 10 యూనిట్ల ఛాసిస్‌లు నాలుగు అమర్చి 64 బ్లేడ్లు నడపవచ్చు. గదుల నిండా ర్యాకులున్నవారికి ఇది లాభం. మీకైతే ఛాసిస్‌లో 12 బ్లేడ్ల చోటు ఖాళీగా ఉంటుంది, ఫ్యాన్లూ పవర్ సప్లైలూ మాత్రం వాటి కరెంటు అవి తాగుతూనే ఉంటాయి. రేపు ఛాసిస్ నింపారనుకున్నా, బ్లేడుకు 250 వాట్ల చొప్పున 4 కిలోవాట్ల వేడి పుడుతుంది. ఒక టన్ను ఏసీ తీయగలిగేది సుమారు 3.5 కిలోవాట్లే. పైగా నిండిన ఛాసిస్ బరువు 200 కిలోలు దాటుతుంది, మీ సర్వర్ గది మేడ మీద ఉంటే ఈ సంగతి హమాలీలకు ముందే చెప్పండి. ఒక కంపెనీ బ్లేడ్ మరో కంపెనీ ఛాసిస్‌లో పట్టదు గనుక, పాత మోడల్‌కు విడిభాగాల కోసం ఆ డీలరు చుట్టూనే తిరగాలి.

దీనికి బదులు రెండు ర్యాక్ సర్వర్లు కొని, వర్చువలైజేషన్ (ఒకే సర్వర్‌ను పలు సర్వర్లుగా వాడుకునే పద్ధతి) ద్వారా అకౌంట్లనూ స్టాకునూ వాటి మీద నడపండి; ఒకటి ఆగినా రెండోది మొత్తం పనిని మోయగలిగేంత మెమరీ రెండింటిలోనూ వేయించండి. కెమెరాలకు ఎన్‌వీఆర్ (వాటి వీడియోను రికార్డు చేసే) పెట్టె చాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ ప్రాంతంలోనే తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు చిన్న జనరేటరుతో రెండు సర్వర్లను నడపవచ్చు గానీ ఛాసిస్‌ను నడపడం భారమే. రెండు సర్వర్లూ ఒకే గదిలో ఉంటాయి కనుక ఒకదానికొకటి బ్యాకప్ అనుకోకండి; లెక్కల నకలు ప్రతి రాత్రీ జిల్లా బయట మరో చోటికి చేరేలా ఏర్పాటు చేసుకోండి.