మామిడి తొక్క కడిగిన నీటిని మళ్లీ వాడవచ్చా?

పర్లాకిమిడిలో మామిడి గుజ్జు తీసే చిన్న యూనిట్ నడుపుతూ, మిగిలిన తొక్కలను ఆహారంలో కలిపే పీచు పొడిగా మార్చదలచిన మీరు, కడిగిన నీటిని తిరిగి వాడవచ్చా అని అడిగారు. వాడవచ్చు, అయితే తొక్కలు సాగే వరుసకు ఎదురు దిశలో వాడాలి.

మూడు తొట్లు పెట్టి, శుభ్రమైన తాగునీటిని చివరి కడుగుకే వాడి, అక్కడ మిగిలిన నీటిని తరువాతి విడతలో రెండో కడుగుకు, ఆ తరువాత మొదటి కడుగుకు మళ్లిస్తే, ఒకే నీరు మూడుసార్లు పనిచేస్తుంది. తొక్కలోని చక్కెర మొదటి తొట్టిలోనే ఎక్కువగా కరుగుతుంది కనుక ఆ నీటిని మాత్రం బయటకు తీసేయాలి. తొట్లలోని నీటిని రాత్రంతా నిలవ ఉంచితే ఈస్టు పెరిగి పులుస్తుంది. ఈ ఎండల్లో ఇంకా త్వరగా పులుస్తుంది.

కోయకముందు పండ్లను కడిగిన నీటిలో మట్టి, సొన, పురుగుమందుల అవశేషాలు ఉంటాయి. దానిని ఈ వరుసలోకి ఎన్నడూ రానివ్వకండి. నేల కడగడానికి అది చాలు.

చక్కెర నిండిన నీటిని శుద్ధి చేయకుండా వాగులోకి వదిలితే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను హరించి చేపలు చస్తాయి. మహేంద్రతనయ నదికి ఆ గతి పట్టించవద్దని నా గట్టి విన్నపం. బయోగ్యాస్ తొట్టిలోకి పంపితే వంటగ్యాసైనా వస్తుంది.