కార్ట్‌లో వేసుకున్న చీరను మన కోసం ఆపి ఉంచాలా?

కార్ట్‌లో వేసుకున్న వస్తువును మనం డబ్బు కట్టేలోపే వేరేవాళ్లు కొనేస్తున్నారు, కార్ట్‌లో పడగానే మన పేరున రిజర్వ్ చేయొచ్చు కదా అని ఒకరు అడిగారు. మేం అనంతపురం నుంచి ధర్మవరం పట్టుచీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. నా మాట సూటిగా చెప్తాను. కార్ట్‌లో వేసినప్పుడు ఆపకూడదు, డబ్బు కట్టడానికి ముందుకొచ్చినప్పుడు మాత్రం కచ్చితంగా ఆపాలి.

మా దగ్గర చాలా చీరలు సింగిల్ పీసే. మగ్గం మీద ఒక వార్పుకు (నిలువు దారాల చుట్టకు) దిగేవే కొన్ని చీరలు, అందులో పేక (అడ్డ దారం) రంగు మారితే అది వేరే చీర కిందే లెక్క. శ్రావణ మాసం ముందు, పెళ్లి ముహూర్తాలప్పుడు ఒకే చీరను చాలామంది కార్ట్‌లో వేస్తారు, ఇంట్లో అత్తకో అక్కకో చూపించడానికి, రేటు ఇంకోచోట చూసుకోవడానికి, బ్లౌజ్ రంగు గురించి వాట్సాప్‌లో అడిగి తేల్చుకోవడానికి. అందులో తప్పేం లేదు, చీర కొనడమంటేనే అంత. ఆన్‌లైన్ షాపింగ్‌పై పరిశోధన చేసే బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం సుమారు 70 శాతం కార్ట్‌లు కొనుగోలు దాకా రావు. వాటన్నిటికీ చీరలు ఆపేస్తే, వెంటనే డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకు 'అయిపోయింది' అని కనిపిస్తుంది, చీరేమో మా బీరువాలోనే ఉంటుంది. షాపులో ఒకరు ఒళ్లో పెట్టుకున్న చీరను ఇంకొకరు లాక్కోరు కదా అంటారు. నిజమే, కానీ అక్కడ మనిషి ఎదురుగా ఉంటారు, వద్దనుకుంటే నిమిషంలో చీర మళ్లీ పరుపు మీదకు వస్తుంది. కార్ట్‌లో వేసి నిద్రపోయినవాళ్లను ఎవరు అడగాలి?

పైగా కార్ట్‌లో పడగానే ఆపే సైట్లలో, కొనే ఉద్దేశమే లేకుండా కంప్యూటర్ ప్రోగ్రాములతో స్టాకంతా కార్ట్‌లో వేసి బిగించేసే దాడులున్నాయి.

అసలు గొడవ పేమెంట్ దగ్గర. మేం మొదట్లో వాడిన సాఫ్ట్‌వేర్ డబ్బు పడ్డాకే స్టాక్ తగ్గించేది. ఒకే చీరకు ఇద్దరు దాదాపు ఒకేసారి యూపీఐ కొట్టారు, ఇద్దరికీ డబ్బు కట్ అయింది. రెండో ఆమె కూతురి ఓణీల ఫంక్షన్‌కు ఆ చీరే అని ఇంట్లో అందరికీ చెప్పేసుకుంది. రీఫండ్ పంపితే తీరే బాధ కాదది. అందుకే పేమెంట్ పేజీకి వచ్చినవాళ్లకు ఆ చీరను కాసేపు ఆపి తీరాలంటాను. ఆన్‌లైన్ షాపు నడిపే సాఫ్ట్‌వేర్ వూకామర్స్‌లో దీనికి సెట్టింగ్ ఉంది, ఆర్డర్ పెట్టి డబ్బు ఇంకా కట్టనివాళ్ల కోసం మామూలుగా 60 నిమిషాలు స్టాక్ ఆపుతుంది, ఆలోపు కట్టకపోతే ఆర్డర్ రద్దవుతుంది. సింగిల్ పీస్‌కు అది ఎక్కువే, తగ్గించుకోవచ్చు, కానీ మరీ తగ్గిస్తే ఇంకో టెన్షన్: సిగ్నల్ పోయో, బ్యాంకు సర్వర్ మొరాయించో యూపీఐ పెండింగ్‌లో పడి, గడువు దాటాక డబ్బు వస్తే మళ్లీ అదే గొడవ. పేమెంట్ లింకు గడువు, చీర ఆపే గడువు కంటే ముందే తీరిపోవాలి. అమెజాన్ కూడా మామూలు కార్ట్‌లో వస్తువును ఆపదు, కాసేపే ఉండే తగ్గింపు ఆఫర్లయిన లైట్నింగ్ డీల్స్‌కు మాత్రం పావుగంట టైమ్ ఇస్తుంది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. 'ఈ చీర మీ కోసం ఇంకా 5 నిమిషాలే' అని గడియారం తిప్పుతూ, వెనక నిజంగా ఏమీ ఆపకపోవడం మోసం. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్స్‌ను (కొనేవాళ్లను బోల్తా కొట్టించే వెబ్‌సైట్ ఎత్తుగడలను) నిషేధిస్తూ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటి దొంగ తొందర కూడా ఉంది. అలాంటివి కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫిర్యాదు చేయండి.

మీ వరకు అయితే, చీర నిజంగా నచ్చి ఇంట్లో అడగాల్సి ఉంటే కార్ట్‌ను నమ్ముకోకుండా షాపుకే ఫోన్ చేసి పక్కన పెట్టమనండి. మేమైతే కొంచెం అడ్వాన్స్ తీసుకుని, సాయంత్రం వరకు సైట్‌లోంచి ఆ చీర తీసేస్తాం. వద్దనుకుంటే ఆ అడ్వాన్స్ తిరిగి ఇస్తారో లేదో ముందే అడిగి, జవాబు మెసేజ్‌లో రాయించుకోండి.