వంటసోడా నీళ్ల పీహెచ్ లెక్కలో గాఢత ఎటుపోయింది?

0.1 మోలార్ సోడియం బైకార్బొనేట్ (అదే వంటసోడా) పీహెచ్ 8.34 అని ఆన్సర్ ఇచ్చారు, మరి ఆ 0.1ని ఎక్కడా వాడలేదేంటి అని కదా మీ డౌటు. గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెప్పిన రోజుల్లో ఏటా ఎవరో ఒకరు ఇదే అడిగేవారు. దీన్ని సోడియం ఎసిటేట్ లాగే చూసి, 7 + ½(పీకే1 + లాగ్ సి) వేసి 9.68 తెచ్చేవాళ్లే ఎక్కువ. ఇందులో సి అంటే గాఢత; కే1, కే2 అంటే ఆమ్లం మొదటి, రెండో ప్రోటాన్ వదిలే స్థిరాంకాలు; వాటి మైనస్ లాగ్‌లే పీకే1, పీకే2. నేనూ ఇంటర్‌లో అలా మార్కులు పోగొట్టుకున్నవాణ్ణే.

ఎసిటేట్‌కి ప్రోటాన్ కావాలంటే నీళ్లనే అడగాలి. బైకార్బొనేట్‌కి ఆ అవసరం లేదు. పక్కనున్న ఇంకో బైకార్బొనేట్ నీళ్లకంటే తేలిగ్గా ఇచ్చేస్తుంది. ఇచ్చింది కార్బొనేట్ అవుతుంది, పుచ్చుకున్నది కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. కాబట్టి ఈ రెండూ దాదాపు సమానం. ఇప్పుడు కే1, కే2 సమీకరణాలు రాసి గుణించండి. బైకార్బొనేట్ పైనా కిందా కొట్టుకుపోతుంది, సమానంగా ఉన్న ఆ రెండూ పోతాయి. హైడ్రోజన్ అయాన్ గాఢత వర్గం = కే1 × కే2 అని మిగులుతుంది. అంటే పీహెచ్ = (పీకే1 + పీకే2)/2 = (6.35 + 10.33)/2 = 8.34.

అన్నిచోట్లా ఇదే వేసేయకండి. డిగ్రీ ల్యాబ్‌లో 0.01 మోలార్ డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్‌కి ఫాస్ఫారిక్ ఆమ్లం పీకే2, పీకే3ల సగటు (7.20 + 12.35)/2, అంటే 9.78 వస్తుందని ధీమాగా కూర్చున్నాను. మీటర్ 9.3 దగ్గర ఆగింది. మీటరే పాడైందనుకుని బఫర్లతో రెండుసార్లు కాలిబ్రేట్ చేశాను, అయినా అంతే. మా సార్ వచ్చి, "కే3ని సితో గుణించి చూశావా?" అన్నారు. చూస్తే 4.5 × 10⁻¹⁵. నీటి అయానిక లబ్ధం (కేడబ్ల్యూ) 10⁻¹⁴ కంటే తక్కువ! ఇక్కడ లవణంకంటే నీళ్లే ఎక్కువ ప్రోటాన్లు ఇస్తున్నాయి. అప్పుడు హైడ్రోజన్ అయాన్ గాఢత వర్గం = కే2(కే3·సి + కేడబ్ల్యూ)/(కే2 + సి) అని వేయాలి, 9.52 వస్తుంది. మిగతా తేడా అయాన్లు ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల, అది ఈ లెక్కలో పట్టుబడదు.

మోనోసోడియం ఫాస్ఫేట్‌ది ఇంకో రకం గొడవ. దానికి పై సూత్రంలోనే కే2, కే3 బదులు కే1, కే2 వస్తాయి. కే1 పెద్దది కాబట్టి కింద సి ఒక్కటే ఉంచితే కుదరదు, కే1 + సి రాయాలి. 0.01 మోలార్‌లో మామూలు సగటుతో వచ్చే 4.68 కాస్తా 4.79 అవుతుంది.

వంటసోడాతో ఇంట్లోనే కొలవాలనుకుంటే కలిపిన వెంటనే కొలవండి. మూత లేకుండా గంటలకొద్దీ వదిలేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ మెల్లగా పైకి పాకుతుంది.