చిన్నీ, పెన్ను మాత్రం తీసుకెళ్ళకు

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "అదేదో దెయ్యాల గళ్ళనుడికట్టట అక్కా, అక్టోబరు 31 రాత్రి ఆఫీసులో జట్లు జట్లుగా కూర్చుని చేస్తారట, ఇదీ పేరిచ్చిందట, నువ్వయినా చెప్పవే" అని ఒకటే గొడవ. నవ్వి సర్ది చెప్పాను గానీ ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. దెయ్యాల గురించి కాదులే. మాంచెస్టర్ వచ్చి రెండేళ్ళు నిండకుండానే నువ్వు ఈ దేశం వాళ్ళ పక్కన కూర్చుని క్రిప్టిక్ క్రాస్‌వర్డ్, అదే మాటల్ని మెలితిప్పి క్లూలిచ్చే గళ్ళనుడికట్టు, చేస్తానంటున్నావు. నాకు తొమ్మిదేళ్ళు పట్టింది, అదీ ఒకాయన ఓపిగ్గా నేర్పితే. మీ తాతయ్య హిందూ పేపర్లో క్రాస్‌వర్డ్ చేస్తుంటే పక్కనే కూర్చుని చూసేదాన్ని, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకే గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది.

నీకు తెలిసే ఉంటాయి, అయినా మొదటివి గబగబా చెప్పేస్తా. క్లూలో అర్థం చెప్పే ముక్క మొదట్లో గానీ చివర్లో గానీ ఉంటుంది, మధ్యలో వెతక్కు. మిగతాదంతా అక్షరాలతో ఆట. పిచ్చి, తాగుడు, విరగడం లాంటి మాట కనిపిస్తే పక్క మాటలోని అక్షరాలు కలిపెయ్యి. ఇది వీళ్ళ దెయ్యాల పండగ హాలోవీన్ పజిల్ కాబట్టి ఆ పని 'హాంటెడ్', 'పొసెస్డ్' లాంటివి చేయొచ్చు. 'వైల్డ్ నైట్' అని ఉంటే నైట్‌లోని ఐదక్షరాలూ తిరగేసి మరగేస్తే 'థింగ్' వస్తుంది, చూసుకో. గడులన్నీ నిండాక అంచుల వెంబడి ఒకసారి చదువు, అక్కడ ఏదైనా మాట దాచిపెట్టడం వీళ్ళకి సరదా.

ఇక 'స్పిరిట్' అనగానే దెయ్యం అనుకోకు, అది జిన్నూ కావచ్చు, రమ్మూ కావచ్చు. 'కౌంట్' అంటే డ్రాక్యులా దొర కావచ్చు, ఉత్త లెక్కపెట్టడమే కావచ్చు. 'ఫ్లవర్' అన్నాడంటే పువ్వు కాకపోవచ్చు, ఫ్లో అయ్యేది, అంటే నది! ఇది మొదటిసారి తెలిసిన రోజు అరగంట కోపంగా కూర్చున్నాను. తరవాత అనిపించింది, ఇది మన శ్లేషే కదా, బళ్ళో మార్కుల కోసం బట్టీ పట్టిందే కదా అని. నాకిష్టమైన క్లూ ఒకటి చెప్పనా? 'క్వశ్చన్ రిలేటివ్స్ ఫర్ వెజిటబుల్', ఏడక్షరాలు. గుచ్చి గుచ్చి అడగడం పంప్, చుట్టాలు కిన్, కలిపితే పంప్‌కిన్. మన పెళ్ళిళ్ళలో గుచ్చి గుచ్చి అడిగేది చుట్టాలే గానీ, వాళ్ళని అడిగే ధైర్యం ఎవరికుంది?

పజిల్ కట్టినవాళ్ళ పేర్లు చూసి జడుసుకోకు. అబ్జర్వర్ పత్రికలో 1926 నుంచి కట్టినాయన టోర్కెమాడా అని పెట్టుకున్నాడు, ఆయన పోయాక వచ్చినాయన జిమెనెస్, 1972లో వచ్చినాయన అజెడ్. ముగ్గురూ స్పెయిన్‌లో మతవిచారణ పేరుతో జనాన్ని హింసించిన అధికారుల పేర్లే ఎత్తుకున్నారు. అజెడ్‌ని వెనకనుంచి చదివితే డెజా, ఆయనా ఆ కోవలోవాడే. మనల్ని హింసిస్తామని ముందే చెప్పి మొదలుపెట్టారన్నమాట, నిజాయితీగా.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1983. వేల్స్‌లో రోండా లోయలో జీపీగా, అంటే అన్ని జబ్బులూ చూసే ఊరి డాక్టరుగా చేస్తున్నాను. నాకు క్రాస్‌వర్డ్ నేర్పింది నా దగ్గరికి వచ్చే పేషెంటే, బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము. ఒక్కో వాక్యం మధ్యలో ఆగి, గాలి పీల్చుకుని, మళ్ళీ అందుకునేవారు. మందుచీటీ రాసేలోపు జేబులోంచి పేపరు తీసి "ఇది చూడండి డాక్టర్" అని ఒక క్లూ ముందు పెట్టేవారు. ఆ ఊళ్ళో గని కార్మికులు తమ జీతాల్లోంచి పెన్నీలు పోగేసి కట్టుకున్న ఇన్‌స్టిట్యూట్ ఉండేది, లోపల లైబ్రరీ కూడా. హాలోవీన్ రాత్రి అక్కడ ఇద్దరిద్దరు చొప్పున క్రాస్‌వర్డ్ పోటీ పెట్టారు, ఆయన నన్ను జత కమ్మన్నారు. హాలంతా దీపాలు, దెయ్యాల వేషాలు, పిల్లల కేకలు. మేం బాగా చేశాం చిన్నీ, అందరికంటే ముందున్నాం. ఒక్క నిలువు క్లూ మిగిలింది. 'ఫేస్ బ్రిటిష్ పార్టీ', ఐదక్షరాలు. రెండోది ఆర్, నాలుగోది వి అప్పటికే వచ్చేశాయి.

పార్టీ అంటే రేవ్, నాకు వెంటనే తట్టింది. ముందు ఒక్క అక్షరం కావాలి. హాలోవీన్ రాత్రి, ఎదురుగా గోడ మీద అట్టముక్కతో చేసిన సమాధిరాయి. ఇంకేముంది, గ్రేవ్! ఫేస్ ఎందుకంటే గంభీరమైన ముఖాన్ని గ్రేవ్ ఫేస్ అంటారుగా, జి ఎందుకంటే గ్రేట్ బ్రిటన్‌లో జి ఉందిగా. తప్పు చేయాలనుకున్నవాడికి కారణాలు ఎంత తేలిగ్గా దొరుకుతాయో. ఆయన "బ్రిటిష్ అంటే..." అని మొదలుపెట్టి, గాలి కోసం ఆగారు. నేను ఆగలేదు. ఆయనకి ఊపిరి అందడానికి ఎంతసేపు పడుతుందో ఆ హాల్లో నా అంత తెలిసినవాళ్ళు ఎవరూ లేరు, వారం వారం స్టెతస్కోపు పెట్టి విన్నదాన్ని. అయినా పెన్నుతో, ముద్దగా, జి రాసి కాగితం ఇచ్చేశాను.

బ్రిటిష్‌కి బి. బ్రేవ్. కష్టానికి ఎదురు నిలబడటం, ఫేస్ చేయడం. ఆ మొదటి గడిని తాకే అడ్డం మాట ఏదీ లేదు కాబట్టి తప్పని చెప్పే దిక్కే లేదు, ఆయన తప్ప. ఒక్క అక్షరంతో ఓడిపోయాం. ఆయన పల్లెత్తు మాట అనలేదు. పక్కవాళ్ళతో మాత్రం, మధ్యలో రెండుసార్లు ఆగి, "నన్ను గోతిలో పెట్టడానికి మా డాక్టరుకి తొందరెక్కువ" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఇంటికొచ్చి ఏడ్చాను. ఆయన మరో ఆరేళ్ళు బతికారు, పజిల్ తేవడం మానలేదు. ఆ ఆరేళ్ళలో నా చేతికి ఒక్కసారి కూడా పెన్ను ఇవ్వలేదు, పెన్సిలే.

కాబట్టి నువ్వూ పెన్సిలూ రబ్బరూ పట్టుకెళ్ళు. దెయ్యానికి సరిపోయే మాట తట్టినప్పుడల్లా చెయ్యి ఆపుకో, క్లూలో ప్రతి మాటకీ లెక్క తేలాకే రాయి. మీ జట్టులో తక్కువ మాట్లాడే మనిషి ఎవరో ముందే చూసుకుని పక్కన కూర్చో, నోరు తెరిచి ఆగిపోతే ఏమిటని అడుగు. ఒకవేళ ఆ తక్కువ మాట్లాడే మనిషివి నువ్వే అయితే, చిన్నప్పటి నుంచీ నీకున్న ఆ పాడు అలవాటు నాకు తెలుసు, బల్ల మీద చేత్తో కొట్టయినా సరే ఆపు వాళ్ళని. నీ యాస విని ఎవరో నవ్వుతారని ఊరుకున్నావో, నేను రైలెక్కి వచ్చేస్తా.

కోటు వేసుకో, తిని వెళ్ళు, తిరిగొచ్చేటప్పుడు ఒక్కదానివే నడవకు. ఆదివారం మీ అమ్మకి ఫోన్ చేసి నీకేమీ పట్టలేదని చెప్పు. ఆఫీసులో ముఖం చెక్కిన గుమ్మడికాయ ఇస్తే దప్పళం పెడదామని మాత్రం ఇంటికి మోసుకురాకు, అది ఉత్త నీళ్ళు, చప్పగా ఉంటుంది. నేను చేసి చూశా.

నీ
పెద్దమ్మ