కొత్త ఫోన్ కొనకు, ముందు లెన్సు తుడువు

అమ్మలూ,

నువ్వు పంపిన రాత్రి ఫొటోలు చూశాను. సగం చెదిరిపోయాయి, మిగతా సగంలో మొహాల మీద ఇసక చల్లినట్టు చుక్కలు. కొత్త ఫోన్ కొనాలేమో అన్నావు. ఆగు, కొనకు.

ఫోన్ కెమెరాలో వెలుతురు పట్టే సెన్సర్ చాలా ఫోన్లలో చిటికెనవేలి గోరంత ఉంటుంది, అంతే. చీకట్లో దానికి సరిపడా వెలుతురు అందదు కాబట్టి రెండే పనులు చేయగలదు. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, అప్పుడు చెయ్యి కదిలితే బొమ్మ చెదురుతుంది. లేదా ఐఎస్ఓ, అంటే అందిన కొద్ది వెలుతురునే పెంచి చూపించే అమరిక, దాన్ని పెంచుతుంది, అప్పుడు చుక్కలొస్తాయి. నీ ఫొటోలకి రెండు జబ్బులూ ఉన్నాయి.

ముందు లెన్సు తుడువు. నవ్వకు, నిజంగానే చెప్తున్నా. ఒకసారి నేను రాత్రంతా ఫొటోలు తీస్తే ప్రతి దీపానికీ పొడుగాటి తోక వచ్చింది. ఫోన్‌ని తెగ తిట్టుకున్నాను, పొద్దున చూస్తే లెన్సు మీద నా వేలిముద్రే.

తర్వాత చెయ్యి కదలకుండా చూసుకోవాలి. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, గోడకో స్తంభానికో ఆనుకుని నిలబడు, రెండు చేతులతో పట్టుకో. బటన్ నొక్కినప్పుడు వచ్చే కుదుపు కూడా చీకట్లో తెలిసిపోతుంది, అందుకే 3 సెకన్ల టైమర్ పెట్టుకో. ఫోన్‌ని దేనికైనా ఆనించి నిలబెట్టే వీలుంటే ఇంకేం కావాలి.

నైట్ మోడ్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, దాన్ని నువ్వు సరిగ్గా వాడట్లేదని నా అనుమానం. 2018లో గూగుల్ నైట్ సైట్ అని, 2019లో ఐఫోన్ 11లో నైట్ మోడ్ అని వచ్చాక ఇప్పుడు దాదాపు అన్నిట్లోనూ ఉంది. అది తీసేది ఒక్క ఫొటో కాదు, వరసగా కొన్ని ఫ్రేములు తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి కలుపుతుంది. చుక్కలు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట పడతాయి కాబట్టి కలిపేసరికి అణిగిపోతాయి, తొమ్మిది ఫ్రేములు కలిపితే దాదాపు మూడో వంతుకి దిగుతాయి. అందుకే స్క్రీన్ మీద లెక్క పూర్తయ్యేదాకా కదలకూడదు. నువ్వేమో బటన్ నొక్కగానే ఫోన్ దించేస్తున్నావు!

అయితే పరిగెత్తే పిల్లలకి నైట్ మోడ్ పనికిరాదు, దయ్యాల్లా పడతారు. అప్పుడు ఇవన్నీ మనమే పెట్టుకునే ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/60 సెకను, ఐఎస్ఓ 800 నుంచి 1600 దాకా పెట్టి చూడు, పిల్లలు ఇంకా చెదురుతుంటే 1/125కి వెళ్ళు. చుక్కలొస్తాయి, రానీ. చుక్కల్ని తర్వాత కొంత తగ్గించుకోవచ్చు గానీ చెదిరిన మొహాన్ని ఎవరూ బాగుచేయలేరు.

జూమ్ జోలికి పోకు. సాధారణంగా 1ఎక్స్ దగ్గరుండే మెయిన్ కెమెరాకే పెద్ద సెన్సర్ ఉంటుంది. చీకట్లో నువ్వు 3ఎక్స్ నొక్కినా చాలా ఫోన్లు చెప్పాపెట్టకుండా ఆ మెయిన్ కెమెరా బొమ్మనే కత్తిరించి చూపిస్తాయి. దానికంటే నాలుగు అడుగులు ముందుకెయ్యి.

ఫ్లాష్ నాకు నచ్చదు. దూరం రెట్టింపైతే దాని వెలుతురు నాలుగో వంతే అందుతుంది, అందుకే ముందున్నవాళ్ళు సున్నం కొట్టినట్టు, వెనకవాళ్ళు నల్లగా పడతారు. మనిషిని దీపం వైపు తిప్పు, లేదా పక్కనున్నవాళ్ళ ఫోన్ టార్చిని తెల్ల గోడ మీదకి వేయించు, అక్కడ నుంచి తిరిగొచ్చే వెలుతురు మెత్తగా ఉంటుంది.

ఇంకోటి, దీపాలు తెల్లగా పేలిపోతుంటే స్క్రీన్ మీద దీపాన్ని తాకి ఎక్స్‌పోజర్, అంటే బొమ్మలో వెలుగు, కొంచెం కిందికి లాగు. రాత్రి రాత్రిలాగే ఉంటే తప్పేంటి?

ఈ రాత్రే గోడకి ఆనుకుని ఒకటి తీసి పంపు. మెసేజ్‌లో మామూలుగా పంపితే ఫొటోని యాప్ కుదించేస్తుంది, ఫైలుగా పంపు. లేకపోతే ఆ మసక నీదో యాప్‌దో నాకు తెలీదు.

మీ మామయ్య