గాలం సీసం గుండ్లకు వేసిన పౌడర్ కోటింగ్ పెచ్చులూడుతోంది, ఎందుకు?

చాలాసార్లు కారణం ఒక్కటే: పూతకు వాడే రంగు పొడి కరిగి అంటుకుంది గానీ గట్టిపడలేదు. వేడి గుండును పొడిలో ముంచగానే నున్నగా మెరుస్తుంది, పని అయిపోయిందనిపిస్తుంది. చెరువులో మొదటి రాయి తగలగానే పెచ్చు లేస్తుంది. మామూలు పాలిస్టర్ పొడి పూతను ఓవెన్‌లో సుమారు 180 డిగ్రీల సెల్సియస్‌లో 20 నిమిషాలు కాల్చాలి. డబ్బా మీద వేరే లెక్క ఉంటే అదే పాటించండి. ఆ సమయం గుండు వేడెక్కాక మొదలవుతుంది, ఓవెన్ స్విచ్ వేసినప్పటి నుంచి కాదు.

సీసం 327 డిగ్రీలకు గానీ కరగదు. కానీ టంకం ఎక్కువగా కలిసిన తుక్కు సీసమైతే 183 దగ్గరే మెత్తబడి గుండు వంకరపోతుంది.

చేతి జిడ్డున్నా పొడి పట్టదు. థిన్నర్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే మంట దగ్గరికి తీసుకెళ్లండి. గుండు మరీ వేడిగా ఉంటే పొర మందమై బొట్లు కారుతుంది. దారం కన్నంలో చేరిన పొడిని కాల్చకముందే సూదితో తీసేయాలి, తర్వాత డ్రిల్లే గతి.

పాడైన గుండును మళ్లీ కరిగించేటప్పుడు చుక్క తడి ఉన్నా సీసం ఎగిరి ముఖాన పడుతుంది. పాత పూత పొగ మంచిది కాదు, ఆరుబయటే చేయండి. ఆ ఓవెన్ ఇక వంటకు పనికిరాదు.