అయస్కాంతం అంటుకుందని డిష్ తిప్పి పంపకు

చి. అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. 304 స్టెయిన్‌లెస్ స్టీలు డిష్ ఎండుకి (ట్యాంకు చివర బిగించే గిన్నె మూతకి) అయస్కాంతం అంటుకుంటోందనీ, నాసిరకం ప్లేటు అంటగట్టారనీ మీ మేనేజరు ఎగురుతున్నాడన్నావు. రిజెక్షన్ కాయితం మీద సంతకం పెట్టే ముందు ఒక పని చెయ్యి. చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి, డిష్ నడిమధ్య నుంచి అంచు దాకా మెల్లగా జరుపు. మధ్యలో పట్టు పెద్దగా ఉండక, వంపు తిరిగే నకుల్ దగ్గరా, ఆ కింది నిలువు అంచు దగ్గరా లాగుతోందంటే అది ప్రెస్సు చేసిన పనే. అయినా అనుమానం తీరడానికి లోహంలో ఏమేం ఉన్నాయో చెప్పే ఎక్స్‌రే గన్ను పెట్టి క్రోమియం 18, నికెల్ 8 దరిదాపుల్లో ఉన్నాయో లేదో చూసుకో. అన్నట్టు, ఆ గన్నుకి కార్బన్ కనపడదు. 304కీ కార్బన్ తక్కువుండే 304ఎల్‌కీ తేడా దాన్నడిగి లాభం లేదు.

304 లోపలి అమరిక, అయస్కాంతం అంటని ఆస్టెనైట్‌గా ఉండటం నికెల్ పుణ్యమే గానీ, అది అంతంత మాత్రపు నిలకడ. వేడి చెయ్యకుండా గట్టిగా వంచితే కొంత భాగం వేరే అమరిక అయిన మార్టెన్‌సైట్‌గా మారిపోతుంది. దానికి అయస్కాంతం అంటుకుంటుంది. గట్టిది, సాగే గుణం తక్కువ. మా ఇంటి సింకు మూలల్లోనూ ఇదే తంతు, మీ అత్తయ్య దానికి సబ్బుపీచు అయస్కాంతం తగిలిస్తుంది. ప్లేటుగా వచ్చినప్పుడు యీల్డ్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే బలం) కనీసం 205 మెగాపాస్కల్, సాగుదల 40 శాతం ఉండాలి కదా. బాగా వంగిన చోట యీల్డ్ రెట్టింపు దాటొచ్చు, సాగుదల సగానికి పడిపోవచ్చు. టెస్ట్ సర్టిఫికెట్ మాత్రం మొదటి అంకెలే చెబుతుంది.

అనీల్ చేయిస్తే, అంటే బాగా కాల్చి చల్లారిస్తే, మళ్లీ ఆస్టెనైట్ అవుతుంది. ప్రతి డిష్‌కీ అక్కర్లేదు, డ్రాయింగులో ఏముందో చూసుకో. చేయిస్తే 1040 డిగ్రీలు దాటించి, వెంటనే నీళ్లలో ముంచాలి. ఆ "వెంటనే" దగ్గరే నా కొంప మునిగింది. ఒకచోట (ఎక్కడో వద్దులే) కరెంటు పోయి క్రేను ఆగింది. లోడు ఫర్నేసులోనే తెల్లారేదాకా చల్లారింది. లాగి చూసే టెన్సైల్ పరీక్ష పాసైంది, నేనూ సంతకం పెట్టాను. కొన్నాళ్లకి యాసిడ్ కారుతోందని ఫోను. తెచ్చిన ముక్క చేత్తో విరిస్తే బిస్కెట్టులా విరిగింది.

850 నుంచి 450 డిగ్రీల మధ్య నింపాదిగా చల్లారితే కార్బన్ వెళ్లి గ్రెయిన్ల (లోహంలోని రేణువుల) అంచుల్లో క్రోమియంతో జట్టు కడుతుంది. అంచుల పక్కన క్రోమియం కరువై, యాసిడ్ అటే తినుకుంటూ పోతుంది. టెన్సైల్ మెషిను దీన్ని పట్టదు, మైక్రోస్కోపు పడుతుంది. 10 శాతం ఆక్సాలిక్ యాసిడ్‌లో, చదరపు సెంటీమీటరుకి 1 ఆంపియర్ చొప్పున ఒకటిన్నర నిమిషం ఎచింగ్ చేసి (కరెంటు పెట్టి పైపొర తినిపించి) చూడు. మంచి ముక్కలో గ్రెయిన్ల మధ్య చిన్న మెట్లు కనిపిస్తాయి. నా ముక్కలో ఒక్కో గ్రెయిన్ చుట్టూ నల్లటి కందకం, ఎండిన చెరువు నేల నెర్రెలిచ్చినట్టు.

ఎచింగుకి ముందు చేసే పాలిషింగులో తొందరపడకు. 304 మెత్తన, గరుకు కాగితం మీద అదిమి రుద్దితే పైపొర నలిగి, లేని మార్టెన్‌సైట్ గీతలు కనిపిస్తాయి. కొత్తలో ఆ గీతలు చూసి ఓ మంచి ప్లేటుని తప్పుపట్టి తిట్లు తిన్నాను. కాగితం మార్చినప్పుడల్లా ముక్కని అడ్డంగా తిప్పు, పాత గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి కాగితానికి వెళ్లు.

2205 అనే ఇంకో స్టెయిన్‌లెస్ రకం గురించి అడిగావు. అందులో అయస్కాంతం పట్టే ఫెర్రైట్ అమరిక, ఆస్టెనైట్ సగంసగం, అందుకే యీల్డ్ 450 మెగాపాస్కల్. కానీ 475 డిగ్రీల దగ్గర నాన్చితే పెళుసెక్కుతుంది. తక్కినది కలిసినప్పుడు.

ఆదివారం వచ్చేటప్పుడు ట్రిమ్మింగులో తీసేసిన అంచు ముక్క ఒకటి పట్రా. ప్లాస్మాతో కోయించకు, వేడి తగిలితే మనం చూడాల్సిందే పోతుంది. రంపంతో, నీళ్లు పోస్తూ కోయమను.

మామయ్య